గోల్‌కీపరు చూపు

ఫుట్‌బాల్ ఆటలో గోల్‌కీపరు పని బంతిని చేతులతో పట్టుకోవడమేనని చాలామంది భావిస్తారు. మన పల్లెలలో ఆ స్థానానికి లభించే గౌరవం కూడ అంతంత మాత్రమే. పరుగెత్తలేనివాణ్ణో, జట్టులో అందరికంటె చిన్నవాణ్ణో, ఆట సరిగా రానివాణ్ణో తీసుకొనిపోయి రెండు రాళ్ళ మధ్య నిలబెట్టి 'నువ్వు గోల్‌లో ఉండరా' అంటారు. ఆ మాటతో ఆటలోని అత్యంత కఠినమైన మేధాకార్యాన్ని అప్పగించామని అన్నవారికీ తెలియదు. ఆ పని తనపై పడిందని నిలబడినవానికీ తెలియదు. గోల్‌కీపరు చేతులకంటె ముందు కళ్ళతో ఆడతాడు. ఇది అలంకారం కోసం అంటున్న మాట కాదు. లెక్క కట్టి చూస్తే తేలే విషయం.

గోల్ స్తంభాల మధ్య దూరం 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పెనాల్టీ కిక్ కోసం బంతిని ఉంచే చోటు గోల్ గీతకు సుమారు 11 మీటర్ల దూరంలో ఉంటుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తన్నిన బంతి ఆ దూరాన్ని దాదాపు 0.4 సెకన్లలో దాటుతుంది. ఇక మనిషి శరీరం సంగతి చూద్దాం. దీపం వెలగగానే మీట నొక్కమంటే ఆరోగ్యవంతుడైన యువకునికైనా దాదాపు 0.2 సెకన్లు పడుతుంది. ఒకే దీపం, ఒకే మీట ఉన్నప్పటి మాట ఇది. కుడికా, ఎడమకా, పైకా, కిందికా అని నిర్ణయించుకోవలసి వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ కాలం కావాలి. దేహం కదలడం ఆ తరువాతనే. గోల్ మధ్యనుండి స్తంభం వరకు దూకడానికి మరొక అరసెకను పైగా పడుతుంది. ఈ లెక్క ప్రకారం మూలకు బలంగా తన్నిన ప్రతి పెనాల్టీ గోల్ కావలసిందే. అయినా గోల్‌కీపర్లు అటువంటి బంతులను ఆపుతూనే ఉన్నారు. లేని కాలాన్ని వారు ఎక్కడనుండి తెచ్చుకొంటున్నారు?

బంతి కదలకముందే తెచ్చుకొంటున్నారన్నది సమాధానం. బంతిని తన్నబోయే ఆటగాని శరీరం అది పోయే దిక్కును ముందుగానే కొంత బయటపెడుతుంది. నేలపై ఆనిన పాదం ఏ దిక్కుకు తిరిగి ఉన్నది, తన్నే కాలు ఏ కోణంలో వెనుకకు పోయింది, నడుము ఎటు మళ్ళింది అన్న గుర్తులను చదవగలిగినవానికి బంతి కదలకముందే సగం విషయం తెలిసిపోతుంది. చదవలేనివాడు బంతి బయలుదేరిన తరువాత దూకుతాడు. అప్పటికే ఆలస్యమైపోతుంది.

ఈ చదువు ఎలా సాగుతుందో తెలుసుకొనడానికి గీర్ట్ సావెల్స్‌బర్గ్, అతని సహచరులు చేసిన ఒక పరిశోధన 2002లో ప్రచురితమైంది. నిపుణులైన గోల్‌కీపర్లకు, కొత్తవారికి పెద్ద తెరపై పెనాల్టీ కిక్కుల చిత్రాలు చూపించారు. బంతి ఎటు వస్తుందో ఊహించి చేతిలోని మీటను ఆ వైపుకు కదిలించమన్నారు. వారి కనుపాపలు ఎక్కడెక్కడ నిలుస్తున్నాయో యంత్రాలతో గమనించారు. నిపుణులు ఎక్కువ చోట్లు చూస్తారనీ, వారి చూపు చురుకుగా అటూ ఇటూ తిరుగుతుందనీ మనం ఊహిస్తాము. జరిగింది దానికి విరుద్ధం. నిపుణుల చూపు తక్కువ చోట్ల, ఎక్కువసేపు నిలిచింది. కొత్తవారి చూపు ఆటగాని మొండెం మీద, చేతుల మీద, నడుము మీద తిరుగాడింది. పాదం బంతిని తాకే క్షణం సమీపించేకొద్దీ నిపుణుల చూపు తన్నే కాలు, ఆనిన కాలు, బంతి ఉన్న తావులలో స్థిరపడింది. మరొక విశేషం కూడ ఉన్నది. నిపుణులు మీటను కదపడానికి కొత్తవారికంటె ఎక్కువసేపు ఆగారు. వారిది తొందరపాటు లేని చూపు.

ఈ ఫలితాన్ని గురించి తెలుసుకొన్నప్పుడు తెలుగు విద్యార్థికి ఆదిపర్వంలోని అస్త్రపరీక్ష గుర్తుకు రాక మానదు. ద్రోణాచార్యుడు చెట్టు కొమ్మపై కృత్రిమ పక్షిని నిలిపి, శిష్యులను ఒక్కొక్కరినే పిలిచి ఏమి కనిపిస్తున్నదని అడుగుతాడు. ధర్మరాజుకు చెట్టు, గురువు, తమ్ములు అందరూ కనిపిస్తారు. అర్జునునికి పక్షి తల తప్ప మరేదీ కనిపించదు. ఏకాగ్రతకు ఉదాహరణగా ఈ కథను మనం తరతరాలుగా పిల్లలకు చెబుతున్నాము. చెప్పవలసిన కథే. అయితే ఆ పక్షి కదలనిది. అది అర్జునుని మోసగించాలని ప్రయత్నించదు. ఎడమకు చూస్తూ కుడికి ఎగిరిపోదు. గోల్‌కీపరు ఎదుట ఉన్న లక్ష్యం కదులుతుంది, పైగా అబద్ధమాడుతుంది. కాబట్టి అతనికి ద్రౌపదీ స్వయంవరంలోని మత్స్యయంత్రమే దగ్గరి పోలిక అని నా అభిప్రాయం. ఆ యంత్రం తిరుగుతూ ఉంటుంది. దానిని కొట్టడానికి లక్ష్యం ఎక్కడ ఉన్నదో తెలిస్తే చాలదు, మరుక్షణంలో ఎక్కడ ఉండబోతున్నదో తెలియాలి. అర్జునుడు రెండు పరీక్షలలోనూ నెగ్గాడు. కాని ఆ రెండూ ఒకే పరీక్ష కావు.

చూపును ఈ విధంగా పదును పెట్టడానికి నేడు ప్రపంచంలో రకరకాల సాధనాలు వచ్చాయి. గోడకు అమర్చిన పలకపై దీపాలు ఒకదాని తరువాత ఒకటి వెలుగుతుంటాయి. వెలిగిన దీపాన్ని వెలిగినట్లే తాకి ఆర్పాలి. తెరపై అనేక బంతులు ఒకేసారి తిరుగుతుంటాయి. వాటిలో గుర్తుంచుకోమన్న నాలుగింటిని కంటితో వెంబడించాలి. అన్నిటికంటె విచిత్రమైనవి మినుకుమినుకుమనే కళ్ళద్దాలు. 2011లో నైకీ సంస్థ వీటిని విపణిలోకి తెచ్చింది. తరువాత మరికొన్ని సంస్థలు తయారుచేశాయి. ఈ అద్దాలు క్షణంపాటు పారదర్శకంగా ఉండి, మరుక్షణం మసకబారి, మళ్ళీ తేటపడుతుంటాయి. బంతి ప్రయాణంలో కొన్ని ముక్కలే కంటికి అందుతాయి. మిగిలిన ముక్కలను మెదడు పూరించుకోవాలి. ఇలా కొన్నాళ్ళు సాధన చేసి అద్దాలు తీసివేస్తే, బంతి మునుపటికంటె నిదానంగా వచ్చినట్లు తోస్తుందని వాటిని వాడిన కొందరు ఆటగాళ్ళు చెబుతారు.

ఆలోచన బాగున్నది. కాని దానికి సాక్ష్యం ఎంత? ఈ అద్దాలతో గోల్‌కీపర్ల శిక్షణపై 2018లో వెలువడిన ఒక అధ్యయనం ముగ్గురు యువ గోల్‌కీపర్లపై జరిగింది. ముగ్గురంటే ముగ్గురే. దానిని జరిపినవారే అది ప్రాథమిక పరిశీలన అని పేరులోనే చెప్పుకొన్నారు. అది శాస్త్రజ్ఞుల వినయం. ఆ వినయం అమ్మకందారులకు ఉండదు. 2001లో అబర్నెతీ, వుడ్ అనే ఇద్దరు పరిశోధకులు ఆటగాళ్ళకోసం రూపొందించిన సాధారణ నేత్రవ్యాయామాలను పరీక్షించారు. వాటివల్ల ఆటలో మెరుగుదల కలుగుతుందనడానికి తమకు ఆధారం దొరకలేదని ప్రకటించారు. కంప్యూటరు ఆటలతో మెదడుకు పదును పెడతామని ప్రచారం చేసిన లూమోసిటీ అనే సంస్థపై అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘం చర్య తీసుకోగా, 2016లో ఆ సంస్థ 20 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. ప్రకటనలలో చెప్పినదానికి తగిన శాస్త్రీయ నిరూపణ లేకపోవడమే ఆ సంస్థపై వచ్చిన అభియోగం.

ఈ వ్యాయామాలు ఎందుకు ఫలించవో తెలుసుకొనడానికి మనం ఎంతో దూరం పోనక్కరలేదు. కొత్తచెరువు నుండి ధర్మవరం పోయి ఒక పట్టు మగ్గం దగ్గర కాసేపు నిలబడితే చాలు. వేలకొలది పోగుల పడుగులో ఒక్క పోగు తెగితే నేతగాని కన్ను వెంటనే పసిగడుతుంది. మనకు ఎంతసేపు చూచినా అది రంగుల వెల్లువగానే కనిపిస్తుంది. ఈ మెట్టప్రాంతంలో గొర్రెలు కాచేవారిని చూడండి. నూరు గొర్రెల మందలో పరాయి మందనుండి వచ్చిన ఒక్క గొర్రెను వారు ఆ చివరనుండి గుర్తుపడతారు. ఇప్పుడు నేతగానిని మంద దగ్గర, కాపరిని మగ్గం దగ్గర నిలబెట్టండి. ఇద్దరూ మనవంటివారే అవుతారు. వారి కళ్ళు మనకంటె బలమైనవి కావు. ఏది చూడాలో వారికి తెలుసు, అంతే తేడా. ఆ తెలివి ఆ పనిలోనే పుట్టింది, ఆ పనిలోనే పనికివస్తుంది. గోడమీద దీపాలను తాకడంలో ఆరితేరినవాడు గోడమీద దీపాలను తాకడంలో ఆరితేరుతాడు. దానినుండి పెనాల్టీ ఆపడం దానంతట అదే రాదు.

అలాగని చూపుకు శిక్షణే అక్కరలేదని నేను అనడం లేదు. శిక్షణ ఆటలోనుండే రావాలని అంటున్నాను. పెనాల్టీ తన్నే ఆటగాని చిత్రాన్ని పాదం బంతిని తాకే క్షణంలో ఆపివేసి, 'ఎటు పోతుంది?' అని గోల్‌కీపరును అడిగే పద్ధతి ఒకటి ఉన్నది. సమాధానం చెప్పిన తరువాత మిగిలిన చిత్రం చూపిస్తారు. క్రమంగా చిత్రాన్ని ఇంకా ముందుగా, ఇంకా ముందుగా ఆపుతారు. చూపును ఏ క్షణంలో ఎక్కడ నిలపాలో ఇటువంటి చిత్రాలపై గుర్తు పెట్టి నేర్పితే ఊహ మెరుగుపడుతుందని సావెల్స్‌బర్గ్ బృందమే 2010లో చూపింది. దీనికి విదేశీ అద్దాలు కావాలా? ఒక సెల్‌ఫోను ఉంటే చాలు. గోల్ గీతపై గోల్‌కీపరు కంటి ఎత్తున దానిని నిలిపి, జట్టులోని ప్రతి ఆటగాడు పదేసి పెనాల్టీలు తన్నుతుండగా చిత్రీకరించవచ్చు. సాయంత్రం చెట్టుకింద కూర్చుని వాటిని ఆపి ఆపి చూడవచ్చు. ఎవరు ఎడమకు తన్నేముందు పాదాన్ని ఎలా పెడుతున్నారో రెండు వారాలలో గోల్‌కీపరుకే కాదు, అందరికీ తెలిసిపోతుంది. అప్పుడు తన్నేవారు కూడ తమ గుర్తులను దాచడం నేర్చుకొంటారు. ఆట ఇద్దరికీ పెరుగుతుంది.

చూపు అన్నాను గాని గోల్‌కీపరు పని చూపుతోనే ముగియదు. డబ్లిన్ నగర విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ క్విన్, అతని సహచరుల పరిశోధన 2023లో వెలువడింది. క్విన్ స్వయంగా వృత్తి గోల్‌కీపరుగా ఆడినవాడు కావడం ఇందులో విశేషం. గోల్‌కీపర్లు, ఇతర స్థానాలలో ఆడేవారు, ఫుట్‌బాల్ ఆడనివారు కలిపి 60 మందిని పరీక్షించారు. తెరపై ఒకే ఒక మెరుపు చూపిస్తూ రెండు శబ్దాలు వినిపిస్తే చాలామందికి రెండు మెరుపులు కనిపించినట్లు భ్రాంతి కలుగుతుంది. చెవి కంటిని మోసగిస్తుందన్నమాట. ఈ మోసానికి గోల్‌కీపర్లు తక్కువగా లొంగారు. కంటికి, చెవికి అందిన సంకేతాలు ఒకదానికొకటి ఎంత సమీపంలో వచ్చాయో వారు మిగిలినవారికంటె సూక్ష్మంగా కనిపెట్టారు. ఆలోచిస్తే ఇది సహజమే. ముందు ఆటగాళ్ళు అడ్డుగా నిలిచినప్పుడు బంతి కనబడదు, తన్నిన చప్పుడు మాత్రం వినబడుతుంది. కన్ను ఇచ్చిన వార్తను, చెవి ఇచ్చిన వార్తను వేరువేరుగా తూచుకొని నిర్ణయించుకోవడం గోల్‌కీపరుకు నిత్యకృత్యం. అయితే ఈ శక్తి సాధనవల్ల వచ్చిందా, లేక ఈ శక్తి ఉన్నవారే గోల్‌కీపర్లు అవుతున్నారా అన్నది ఆ పరీక్షతో తేలే విషయం కాదు. ఈ ప్రశ్న నన్ను చాలా ఆకర్షిస్తుంది. మా శాస్త్రంలో దీనిని ప్రతిభ, అభ్యాసాల చర్చ అంటారు. ఆలంకారికులు కవులను గురించి వందల ఏళ్ళు వాదించుకొన్నది దీనినే.

చెవిని ఒక్కదానినే నమ్మితే ఏమవుతుందో అయోధ్యాకాండ చెబుతుంది. దశరథుడు యౌవనంలో శబ్దవేధి విద్యపై మోజుతో, చీకటిలో సరయూనది ఒడ్డున కుండలో నీరు నిండుతున్న చప్పుడు విని ఏనుగు అనుకొని బాణం వేశాడు. తగిలింది ముని కుమారునికి. విలువిద్యలో దశరథునికి లోపం లేదు. బాణం గురి తప్పలేదు. పొరపాటు బాణానికి ముందే, నిర్ణయంలో జరిగిపోయింది.

గోల్‌కీపరు చేసే తప్పులు కూడ ఎక్కువగా ఇటువంటివే. మైకేల్ బార్-ఎలీ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో 286 పెనాల్టీ కిక్కులను పరిశీలించారు. వాటిలో 28.7 శాతం బంతులు గోల్ మధ్యభాగానికే వచ్చాయి. కాని గోల్‌కీపర్లు మధ్యలో కదలక నిలిచినది 6.3 శాతం సందర్భాలలో మాత్రమే. నిలిచినప్పుడు మూడింట ఒక వంతు బంతులను ఆపగలిగారు. ఎడమకో కుడికో దూకినప్పుడు ఆపినవి ఏడింట ఒకటికంటె మించలేదు. మరి వారెందుకు దూకుతున్నారు? దూకి విఫలమైతే 'పాపం, ప్రయత్నించాడు' అంటారు. నిలబడి విఫలమైతే 'చూస్తూ ఊరుకొన్నాడు' అంటారు. లోకం మాటకు భయపడి దేహం కదులుతున్నదన్నమాట. చూపుకు ఎంత శిక్షణ ఇచ్చినా, ఈ భయానికి శిక్షణ ఇవ్వకపోతే చూచినది వృథా అవుతుంది.

ఇక్కడ మన అవధాన విద్యను తలచుకోవలసి ఉన్నది. అవధానమంటే శ్రద్ధ, ఏమరుపాటు లేని గమనిక అని అర్థం. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు అవధానిని చుట్టుముడతారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు అక్షరాలను నిషేధిస్తారు, ఒకరు పదాలను ఇచ్చి వాటితో పద్యం చెప్పమంటారు. మధ్యమధ్య గంట మోగుతుంది, ఎన్నిసార్లు మోగిందో చివర చెప్పాలి. వీటన్నిటి నడుమ అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు హాస్యమాడుతూ, ఎగతాళి చేస్తూ, అవధాని మనస్సును దారి తప్పించడమే పనిగా పెట్టుకొంటాడు. అవధాని అతనికి సమాధానం చెబుతాడు గాని అతని వెంట పోడు. తిరుపతి వేంకట కవులు ఊరూరా సభలు నింపింది ఈ విద్యతోనే. గోల్‌కీపరు వెనుక అరిచే వేలాదిమంది, ముందర పాదాలు తడబడినట్లు నటించే ఆటగాడు, పక్కన జెండా పట్టిన సహాయ నిర్ణేత, వీరందరినీ గమనిస్తూనే వారి వెంట పోకుండా ఉండడం అటువంటి విద్యే. పోలికను ఇంతకుమించి లాగను. నేతగాడు, కాపరి విషయంలో చెప్పినదే ఇక్కడా వర్తిస్తుంది. అవధానిని గోల్‌లో నిలబెడితే పద్యం వస్తుంది గాని బంతి చేతికి రాదు.

జ్ఞానం, చూపు, నిబ్బరం కలిసి పనిచేయడానికి రెండు ఉదాహరణలు చెబుతాను. 2006 ప్రపంచకప్పు క్వార్టర్ ఫైనల్ బెర్లిన్‌లో జర్మనీకి, అర్జెంటీనాకు మధ్య జరిగింది. పెనాల్టీల సమయంలో జర్మనీ గోల్‌కీపరు యెన్స్ లేమాన్ తన మేజోడులోనుండి ఒక చీటీ తీసి చూచుకొన్నాడు. అర్జెంటీనా ఆటగాళ్ళలో ఎవరు ఎటు తన్నే అలవాటు కలవారో అందులో వ్రాసి ఉన్నది. చివరకు వచ్చిన కాంబియాసో పేరు అందులో లేదు. అయినా లేమాన్ చీటీని తీరికగా చూచి, తల ఊపి, నిలబడి, ఆ బంతిని ఆపాడు. చీటీ అతనికి అంతకుముందు జ్ఞానాన్ని ఇచ్చింది. ఆ చివరి బంతికి కన్నే దిక్కైంది. రెండవది మనకు దగ్గరిది. 2023 జూలై 4న బెంగళూరు కంఠీరవ మైదానంలో దక్షిణాసియా పోటీల అంతిమ ఆట భారత్, కువైట్ జట్ల మధ్య 1-1తో ముగిసి పెనాల్టీలకు పోయింది. గుర్‌ప్రీత్ సింగ్ సంధూ కువైట్ చివరి కిక్కును ఆపడంతో భారత్ 5-4 తేడాతో గెలిచింది. కొత్తచెరువు నుండి కొన్ని గంటల బస్సు ప్రయాణంలో చేరగల ఊరిలో ఇది జరిగింది.

మన తెలుగునాట గోల్‌కీపర్ల చరిత్ర అంతకుముందే ఉన్నది. హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్ 1958లో ఆసియా ఖండపు ఉత్తమ గోల్‌కీపరుగా గుర్తింపు పొందాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానం పొందిన జట్టులోనూ, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకం సాధించిన జట్టులోనూ అతడున్నాడు. ఆ రెండు జట్లకూ శిక్షకుడు హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. తంగరాజ్ కాలానికి మినుకు అద్దాలు లేవు, దీపాల పలకలు లేవు. మైదానం ఉన్నది, బంతి ఉన్నది, నేర్పే గురువు ఉన్నాడు. మన రాయలసీమలోనే చిత్తూరు ప్రాంతపు పల్లెనుండి వచ్చిన ఎతిమరపు రజని భారత మహిళల హాకీ జట్టుకు గోల్‌కీపరుగా ఆడింది. ఆట వేరైనా ఆ స్థానపు కష్టం ఒకటే.

అనంతపురంలో 1969లో విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థను అందరూ ఆర్.డి.టి. అంటారు. ఆ సంస్థ క్రీడాగ్రామంలో, స్పెయిను దేశపు లాలిగా ఫౌండేషన్ తోడ్పాటుతో పల్లె పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ కరవు సీమలో వేరుశనగ పంట పోయిన ఏడు కూడ ఆడగలిగిన ఆట అది. కొత్తచెరువు పేరులో చెరువు ఉన్నా నీరు ఉన్న రోజులకంటె లేని రోజులే ఎక్కువ. నీరు లేనప్పుడు చెరువు గర్భమే పిల్లలకు మైదానం. అది దేవుడిచ్చిన మైదానం. మనం ఇవ్వవలసిన మైదానాలు ఎక్కడ ఉన్నాయి? మన పట్టణాలలో అనేక జూనియర్ కళాశాలలు మేడలలో నడుస్తున్నాయి. విద్యార్థి ఉదయం ఆరు గంటలనుండి రాత్రి తొమ్మిది గంటల వరకు చూచే అత్యంత దూరపు వస్తువు నల్లబల్ల. ఆ చూపు దానికి అవతలికి పోవడానికి చోటే లేదు.

తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటున్నది. 'అయ్యా, గోల్‌కీపరుగా ఆడితే ఏకాగ్రత పెరిగి మార్కులు వస్తాయా?' వస్తాయని చెబితే వారికి సంతోషం. కాని పైన చెప్పిన పరిశోధనలను ఒప్పుకొన్న తరువాత నేను ఆ మాట చెప్పలేను. పెనాల్టీ చదవడం నేర్చినవాడు పెనాల్టీ చదువుతాడు. దానివల్ల రసాయనశాస్త్రం రాదు. ఆటకు మార్కుల సాకు అక్కరలేదు. పదిహేడేళ్ళ వయస్సులో ఒక కష్టమైన పనిని కన్ను, చెవి, మనస్సు, దేహం కలిపి సాధించడమే దానికి చాలినంత ప్రయోజనం. మైదానంవల్ల కంటికి కలిగే మేలు మాత్రం వేరే ఉన్నది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఆరేడేళ్ళ పిల్లలను రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచారు. మూడేళ్ళ తరువాత వారిలో హ్రస్వదృష్టి 30.4 శాతం మందికి వచ్చింది. అలా ఉంచని పిల్లలలో 39.5 శాతం మందికి వచ్చింది. 2015లో ప్రచురితమైన ఈ ఫలితాన్ని మన మేడల కళాశాలల యాజమాన్యాలు చదివితే బాగుండును. నిజానికి చదవవలసినవి ప్రాథమిక పాఠశాలలు. మా దగ్గరకు వచ్చేసరికి చాలామందికి కంటి సంగతి తేలిపోయి ఉంటుంది.

అందుకే గోల్‌కీపరు నేత్రశిక్షణ అన్నప్పుడు నాకు అన్నిటికంటె ముందు తోచేది చాలా సామాన్యమైన విషయం. హ్రస్వదృష్టి ఉన్న విద్యార్థి మైదానంలో ఆడితే బంతికి దగ్గరగా పరుగెత్తి ఎలాగో నెట్టుకొని వస్తాడు. గోల్‌లో నిలబడ్డవానికి ఆ వీలు లేదు. పదకొండు మీటర్ల అవతల ఆనిన పాదం ఎటు తిరిగి ఉన్నదో మసకగా కనిపించే పిల్లవానికి ఎన్ని చిత్రాలు ఆపి చూపించినా లాభమేమిటి? పిల్లవానికి తన చూపు మసక అని తెలియదు కూడ; లోకం అందరికీ అలాగే ఉంటుందనుకొంటాడు. అతడు బంతి వదిలిపెడితే మందమతి అంటాము. 2019 అక్టోబరు 10న అనంతపురంలోనే 'కంటి వెలుగు' కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు తొలి దశలో పాఠశాల పిల్లల కళ్ళు పరీక్షించారు. ఆనాడు ఆరవ తరగతిలో ఉన్నవారు జూనియర్ కళాశాల దాటి వెళ్ళిపోయారు. కన్ను మారే వయస్సు అది. ఒకసారి చేసిన పరీక్ష అయిదేళ్ళకు సరిపోదు.

కాబట్టి ఏటా జూన్ నెలలో జట్టును ఎంపిక చేసేటప్పుడు వ్యాయామోపాధ్యాయుడు పరుగుపందెం పెట్టకముందే అందరి కళ్ళూ చూడాలి. అవసరమైనవారికి కళ్ళద్దాలు ఇప్పించి, ఆటలో జారిపోకుండా తల వెనుక కట్టుకొనే పట్టీ కూడ ఇవ్వాలి. మినుకుమినుకుమనే అద్దాల సంగతి ఆ తరువాత ఆలోచించవచ్చు. ఈ పరీక్షకు కావలసినవి గోడకు తగిలించిన ఒక అక్షరాల పట్టిక, ఒక్కొక్కరికి అయిదు నిమిషాల కాలం, ఆరు మీటర్ల ఖాళీ స్థలం. పెనాల్టీ దూరంలో అది సగానికి కొంచెం ఎక్కువ.